విమాన సంస్థల్లో గోల్డ్, ప్లాటినం స్టేటస్‌లకి ఇన్ని పాయింట్లు కావాలని ఏ లెక్కన పెడతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు డల్లాస్‌లో ఉంటారు, ఆఫీసు పని మీద అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో తరచూ తిరుగుతారు, ఏడాదికోసారి కుటుంబంతో హైదరాబాద్ వస్తారు. తరచూ ఎగిరేవాళ్లకి సంస్థ ఇచ్చే స్టేటస్ మెట్లలో ఒకటైన ప్లాటినం ప్రోకి కావాల్సిన 1,25,000 లాయల్టీ పాయింట్లకి ఈసారి కొద్ది దూరంలో ఆగిపోయేలా ఉన్నారు. ఈ 1,25,000 ఎక్కడి నుంచి వచ్చింది, ఖర్చు లెక్కేసి పెడతారా లేక తోచిన అంకె వేస్తారా, వచ్చే ఏడాది మళ్లీ పెంచుతారా అని అడిగారు.

నేను ఒక విమాన సంస్థ లాయల్టీ విభాగంలో చాలా ఏళ్లు ఈ లెక్కలే చూశాను. అమెరికా సంస్థ కాదు, పేరు ఇక్కడ వద్దు. పద్ధతి మాత్రం అన్ని చోట్లా దాదాపు ఒకటే.

సూటిగా చెప్పాలంటే, ఆ అంకె మీరు ఎంత ప్రయాణించారన్న దాని నుంచి పుట్టదు. ఆ మెట్టు మీద ఎంతమందికి చోటుందో ముందు తేల్చుకుని, అంతమందే మిగిలేలా గీత గీస్తారు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఏదో కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు ఫలానా ర్యాంకు దగ్గర ఆగిపోయింది అంటాం కదా, ఆ ర్యాంకుని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, ఉన్న సీట్లు అక్కడికి అయిపోయాయి, అంతే. ఇదీ అలాంటిదే, ఒక్క తేడాతో. ఎంసెట్‌లో కటాఫ్ చివర్లో తెలుస్తుంది, ఇక్కడ ఏడాది మొదలవకముందే ప్రకటించాలి. అంటే వచ్చే ఏడాది ఎంతమంది ఎంత ఖర్చు పెడతారో ముందే ఊహించి గీత పెట్టాలి. ఆ ఊహ తప్పినప్పుడే మీరు వార్తల్లో చూసే గొడవలన్నీ వస్తాయి.

మరి చోటు అంటే ఏంటి? స్టేటస్‌తో వచ్చే సౌకర్యాలు రెండు రకాలు. అదనపు మైళ్లు, ఒక బ్యాగు ఎక్కువ తీసుకెళ్లడం, ముందుగా ఎక్కడం లాంటివి ఎంతమందికి ఇచ్చినా సంస్థకి పెద్ద నొప్పి ఉండదు (ముందుగా ఎక్కేవాళ్లే సగం విమానం అయిపోతే దానికీ విలువ పోతుంది, అది వేరే సంగతి). రెండో రకం అసలైనది: ఫస్ట్ క్లాసులో అమ్ముడుపోకుండా మిగిలిన సీట్లు, లాంజ్‌లో (విమానాశ్రయంలో ప్రత్యేక విశ్రాంతి గదిలో) కుర్చీలు, ఫోన్ ఎత్తే ప్రత్యేక సిబ్బంది. ఇవి రాత్రికి రాత్రి పెరగవు. లాంజ్ కట్టాలంటే విమానాశ్రయంలో స్థలం దొరకాలి, దానికి ఏళ్లు పడుతుంది.

నేను పని చేసిన చోట గోల్డ్ గీత గురించి జరిగిన చర్చల్లో అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడుకున్నది డబ్బు గురించి కాదు, ప్రధాన విమానాశ్రయంలో అర్ధరాత్రి దాటాక రెండు మూడు గంటల పాటు లాంజ్ కిటకిటలాడటం గురించి. మిగతా రోజంతా సగం ఖాళీగా ఉండేది. కానీ విదేశీ విమానాలన్నీ ఒకేసారి బయల్దేరే ఆ వేళ కూర్చోవడానికి చోటు లేక, ఎక్కువ డబ్బు పెట్టి బిజినెస్ క్లాస్ టికెట్ కొన్నవాళ్లు నిలబడి కాఫీ తాగేవాళ్లు. ఫిర్యాదులు వచ్చేది వాళ్ల నుంచే. ఆ రెండు మూడు గంటల రద్దీని తగ్గించడానికి గోల్డ్ సభ్యుల సంఖ్య ఎంత ఉండాలి అన్న చోట లెక్క మొదలయ్యేది. ఇంకొకటి, వేరే సంస్థ నడిపే లాంజ్‌లోకి మీరు అలయన్స్ (కొన్ని విమాన సంస్థల కూటమి) గోల్డ్ కార్డుతో వెళ్తే ఆ సంస్థకి మీ సంస్థ డబ్బు కట్టాలి. ప్రతి అడుగుకీ బిల్లు వస్తుందన్నమాట. అందుకే సిల్వర్ గీత విషయంలో ఉదారంగా ఉండే సంస్థ కూడా అలయన్స్ లాంజ్ తలుపులు తెరిచే మెట్టు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా బిగిస్తుంది.

తర్వాత పని: సభ్యులందరినీ గత ఏడాది తెచ్చిన ఆదాయం ప్రకారం పైనుంచి కిందికి పేర్చడం. ఆ జాబితా చూస్తే చాలా నిటారుగా పడిపోతుంది, పైన కొద్దిమంది, కింద సముద్రమంత మంది. పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి మన చోటుకి సరిపడా మంది దగ్గర ఆగితే ఒక అంకె కనిపిస్తుంది, 1,18,400 అనో 1,27,000 అనో. దాన్ని నోటికి తిరిగే గుండ్రటి సంఖ్య చేస్తారు. మీ 1,25,000 గుండ్రంగా ఉండటానికి అంతకుమించి కారణం లేదు.

అసలు చిక్కు ఏంటంటే, గీత గీయగానే జనం దాని చుట్టూ కదులుతారు. ఆదాయం ప్రకారం సభ్యుల గ్రాఫ్ గీస్తే గీతకి కొంచెం కింద ఒక గుంట, గీత దాటగానే ఒక గుట్ట కనిపిస్తాయి. గీతకి దగ్గర్లో ఉన్నవాళ్లంతా ఏడాది చివర్లో ఒక టికెట్ ఎక్కువ కొనో, వేరే సంస్థలో చవగ్గా వచ్చేదాన్ని వదిలి ఇటు వచ్చో, కార్డు మీద ఖర్చు జరిపో దాటేస్తారు. ఆ గుట్టలో ఉన్నవాళ్లు తెచ్చే అదనపు ఆదాయమే ఈ మొత్తం ఏర్పాటుకి ప్రాణం. ఇప్పుడు మీరున్నది సరిగ్గా ఆ గుంట దగ్గరే, మీలాంటి వాళ్లని దృష్టిలో పెట్టుకునే గీత ఎత్తు నిర్ణయిస్తారు. మరీ కిందికి పెడితే ఎలాగూ వచ్చేవాళ్లకే ఉచితంగా ఇచ్చినట్టు. మరీ పైకి పెడితే జనం ఆశ వదులుకుని ఆ సంస్థ వైపు చూడటమే మానేస్తారు. కొంచెం కష్టపడితే అందేలా కనిపించే ఎత్తు కావాలి. మా లెక్కల్లో గీతని పెంచినప్పుడు గుట్ట ఎంత దూరం వరకు దానితో పాటు జరుగుతుంది, ఎక్కడ తెగిపోతుంది అన్నదాన్ని ఊహించడమే అన్నిటికన్నా కష్టమైన పని.

ఊహ తప్పితే ఏమవుతుందో చూడాలంటే 2023 నాటి డెల్టా కన్నా మంచి ఉదాహరణ లేదు. కోవిడ్ కాలంలో అమెరికా సంస్థలన్నీ స్టేటస్‌ల గడువు పొడిగించాయి, డెల్టా అయితే స్టేటస్‌కి లెక్కేసే అర్హత మైళ్లని తర్వాతి ఏడాదికి కూడా మోయనిచ్చింది. అప్పుడు అది మంచి నిర్ణయమే, ఎగరని మనిషిని పోగొట్టుకోకూడదు. కానీ 2022, 2023 కల్లా విమానాలు నిండిపోయాయి, పై మెట్టయిన డైమండ్ సభ్యులు మునుపటికన్నా బాగా పెరిగిపోయారు, లాంజ్‌ల బయట క్యూలు మొదలయ్యాయి. 2023 సెప్టెంబర్‌లో డెల్టా మైళ్ల లెక్క పూర్తిగా తీసేసి ఖర్చు ఒక్కటే చూస్తామంది. డైమండ్ గీతని 20,000 డాలర్ల నుంచి ఒక్కసారిగా 35,000 చేసింది. జనం ఎంత మండిపడ్డారంటే, తాము అతిగా వెళ్లామేమోనని సీఈఓ ఎడ్ బాస్టియన్ స్వయంగా బహిరంగంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్టోబర్‌లో దాన్ని 28,000కి దించారు. అప్పుడే లాంజ్‌లోకి క్రెడిట్ కార్డు చూపించి వచ్చేవాళ్లకి ఏడాదికి ఇన్నిసార్లే అని హద్దు కూడా పెట్టారు, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ (అమెక్స్) రిజర్వ్ కార్డుకి ముందు 10 అన్నారు, గొడవ తర్వాత 15 చేశారు. ఈ రెండు నిర్ణయాలు ఒకే రోజు రావడం గమనించండి. స్టేటస్ గీత, లాంజ్ హద్దు రెండూ ఒకే సమస్యకి రెండు మందులు. 35,000 నుంచి 28,000కి దిగారే తప్ప పాత 20,000కి మాత్రం వెళ్లలేదు.

ఇక ఈ గీతలు మైళ్ల నుంచి డాలర్లకి ఎందుకు మారాయో చెప్పకపోతే మీ హైదరాబాద్ ప్రయాణాల సంగతి అర్థం కాదు. అమెరికన్ తన అడ్వాంటేజ్ అనే లాయల్టీ పథకాన్ని 1981 మేలో మొదలుపెట్టింది, యునైటెడ్ రోజుల తేడాతో వెనకాలే వచ్చింది. తర్వాత స్థిరపడిన 25 వేలు, 50 వేలు, 75 వేలు, 1 లక్ష మైళ్ల మెట్లు చాలాకాలం నడిచాయి. ఆ రోజుల్లో ఎవరు ఎంత డబ్బు కట్టారో తెలుసుకోవడం కన్నా ఎంత దూరం ఎగిరారో లెక్కపెట్టడం తేలిక. దూరం ఎక్కువైతే డబ్బూ ఎక్కువే కట్టి ఉంటారని ఒక అంచనా. కానీ చవక టికెట్లు దొరికే దూర మార్గాలు చూసుకుని కేవలం మైళ్ల కోసం ఎగిరేవాళ్లు తయారయ్యారు, ఆ అంచనా చెడింది. 2014 నుంచి డెల్టా, యునైటెడ్ మైళ్లతో పాటు కనీస ఖర్చు కూడా అడగడం మొదలుపెట్టాయి, 2017లో అమెరికన్ వాళ్ల దారి పట్టింది. 2022లో అమెరికన్ అన్నీ కలిపేసి లాయల్టీ పాయింట్లు అనే ఒకే లెక్క తెచ్చింది.

దీనివల్ల బాగా నష్టపోయినవాళ్లలో మనవాళ్లు ఉన్నారని నేను గట్టిగా నమ్ముతాను. డల్లాస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్ రానుపోను దాదాపు 19 వేల మైళ్లు. పూర్తి మైళ్లు ఇచ్చే తరగతి టికెట్ అయితే పాత పద్ధతిలో ఒక్క ఇండియా ప్రయాణంతో 25 వేల మెట్టు అందేంత దగ్గరికి వచ్చేది. ఖర్చు లెక్కలో అదే ప్రయాణం ఒక మామూలు ఎకానమీ టికెట్, ఆఫీసు వాళ్లు కొనిచ్చే రెండు మూడు చివరి నిమిషం డొమెస్టిక్ టికెట్లతో సమానం. అయితే ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది: భాగస్వామి సంస్థ పేరు మీద కొన్న టికెట్లకి అమెరికన్ ఇప్పటికీ దూరం, టికెట్ తరగతి చూసే పాయింట్లు ఇస్తుంది. కాబట్టి భాగస్వామి ఖతార్ ఎయిర్‌వేస్ విమానాన్ని ఖతార్ ఫ్లైట్ నంబరు మీదే కొంటే ఒక లెక్క, అదే విమానాన్ని అమెరికన్ ఫ్లైట్ నంబరు మీద కొంటే ఇంకో లెక్క. కొనేముందు టికెట్ మీద ఉండే బుకింగ్ తరగతి అక్షరం చూసి రెండూ లెక్క వేసుకోండి. యునైటెడ్‌లో కూడా భాగస్వామి టికెట్లకి వచ్చిన మైళ్లని 5తోనో 6తోనో భాగించి అర్హత పాయింట్లు చేస్తారు, దానికి పైన హద్దు ఉంటుంది.

అమెరికన్ గీతల్లో మీకు పనికొచ్చే విషయం ఇంకోటి చెప్తాను, ఎందుకంటే ఇది పైకి కనిపించదు. 2025 నాటి గీతలు గోల్డ్ 40,000, ప్లాటినం 75,000, ప్లాటినం ప్రో 1,25,000, ఎగ్జిక్యూటివ్ ప్లాటినం 2,00,000. అందరికీ ఒకే గీత. కానీ స్టేటస్ లేనివాళ్లకి టికెట్ ధరలో (పన్నులు తీసేసి) డాలరుకి 5 పాయింట్లు, గోల్డ్‌కి 7, ప్లాటినంకి 8, ప్లాటినం ప్రోకి 9, ఎగ్జిక్యూటివ్ ప్లాటినంకి 11. ఏ స్టేటస్ లేకుండా మొదలుపెట్టి టికెట్లతోనే 2 లక్షలు చేరాలంటే మెట్టు మెట్టుకి రేటు మారుతూ మొత్తం సుమారు 27,600 డాలర్లు పెట్టాలి. ఇప్పటికే పై మెట్టు మీద ఉన్నవాళ్లకి అదే 2 లక్షలు దాదాపు 18,200 డాలర్లకే వచ్చేస్తాయి. అంటే ఎక్కడం కష్టం, ఎక్కాక నిలబడటం తేలిక, కావాలనే అలా పెట్టారు. ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ ఇదే పనిని బాహాటంగా చేస్తుంది: గోల్డ్ తెచ్చుకోవడానికి 700 స్టేటస్ క్రెడిట్లు, నిలుపుకోవడానికి 600. మీ ప్రస్తుత స్టేటస్ ఎక్కడుందో దాన్ని బట్టే మీ అసలు గీత ఎంత దూరంలో ఉందో తేలుతుంది.

ఇప్పుడు బ్యాంకుల సంగతి. ఇది లేకుండా అమెరికా గీతలు అర్థం కావు. 2020లో విమానాలు నేల మీద ఉన్నప్పుడు యునైటెడ్ తన లాయల్టీ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా 900 కోట్ల డాలర్లు తెచ్చుకున్నాయి, 2021లో అమెరికన్ అదే దారిలో 1,000 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఎగరని విమాన సంస్థకి ఇంత అప్పు ఎలా పుట్టింది? ఎందుకంటే ఆ పథకాలు బ్యాంకులకి మైళ్లు అమ్మి డబ్బు సంపాదిస్తాయి, మీరు కిరాణా కొట్లో కార్డు గీకినప్పుడల్లా బ్యాంకు ఆ మైళ్లకి సంస్థకి డబ్బు కడుతుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి డెల్టాకి 2023 ఒక్క ఏడాదిలో వచ్చింది దాదాపు 680 కోట్ల డాలర్లు. అంత డబ్బు అటు నుంచి వస్తుంటే స్టేటస్ గీత కూడా అటువైపు వంగుతుంది. అమెరికన్ పేరుతో ఉన్న క్రెడిట్ కార్డు మీద ఒక డాలరు ఖర్చుకి ఒక లాయల్టీ పాయింటు వస్తుంది కాబట్టి ఒక్క విమానం ఎక్కకుండానే గోల్డ్ తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లూ మీతో పాటు అదే చోటు కోసం నిలబడతారు. మీ గీత ఎత్తుగా ఉండటానికి ఒక కారణం వాళ్లే.

పోటీ గురించి క్లుప్తంగా. గీత ఎంత పెంచినా జనం వేరే చోటికి పోలేకపోతే పెంచుతారు, పోగలిగితే ఆగుతారు. 2025 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ పౌండు ఖర్చుకి ఒక టియర్ పాయింటు (స్టేటస్ పాయింటు) అని మార్చి గోల్డ్‌కి 20,000, సిల్వర్‌కి 7,500 పెట్టింది. ప్రకటించిన కొన్ని వారాలకే 50 విమానాలు ఎక్కితే సిల్వర్ అనే దారి కూడా కలిపింది. తక్కువ ధర టికెట్ల మీద వారం వారం యూరప్ తిరిగే ఉద్యోగులు ఖర్చు లెక్కలో పడిపోతారు, కానీ వాళ్లని వదులుకోవడం ఇష్టం లేదు. ఏ సంస్థ అయినా గీతకి పక్కదారి తెరిచిందంటే, అక్కడ ఎవరిని పోగొట్టుకోవడానికి భయపడుతోందో చూడండి. ఎమిరేట్స్‌లో సిల్వర్‌కి 25,000 టియర్ మైళ్లు లేదా 25 విమానాలు అన్నది కూడా అలాంటిదే, హైదరాబాద్-దుబాయ్ లాంటి చిన్న దూరాల మీద తరచూ తిరిగే వ్యాపారులకి మైళ్లతో అది అందదు. మన దేశంలో ఇండిగో 2006 నుంచి ఎగురుతున్నా 2024 దాకా మెట్లున్న పథకమే పెట్టలేదు. దేశీయ ప్రయాణికుల్లో సగానికి పైగా ఎలాగూ తమ విమానమే ఎక్కుతుంటే స్టేటస్ ఇవ్వాల్సిన అవసరం ఏముంది? బిజినెస్ క్లాస్ మొదలుపెట్టి, ఎయిర్ ఇండియాతో పెద్ద కంపెనీల ఉద్యోగుల కోసం పోటీ పడాల్సి వచ్చినప్పుడు బ్లూచిప్ అనే మెట్ల పథకం వచ్చింది.

వచ్చే ఏడాది పెంచుతారా? అమెరికన్ విషయంలో ఫలానా అంకె అని చెప్పడం సరికాదు, కానీ చూడాల్సిన గుర్తులు చెప్తాను. ఫస్ట్ క్లాస్ సీట్లు ఎక్కువగా డబ్బుకే అమ్ముడుపోతున్నాయా (ఆ సీట్లలోకి ఉచితంగా మార్చే అప్‌గ్రేడ్ జాబితాలో మీ నంబరు కిందికి జారుతోందా), లాంజ్‌ల బయట క్యూలు ఉన్నాయా, పోటీ సంస్థలు ఇప్పటికే పెంచేశాయా. యునైటెడ్ 2025కి వన్‌కే అనే తన పై మెట్టు గీతని 24,000 నుంచి 28,000 పాయింట్లకి పెంచింది. మూడూ ఔనంటే గీత పెరుగుతుంది, లేదా గీత అలాగే ఉంచి దానితో వచ్చే సౌకర్యాల్లో ఒకటి మెల్లగా తీసేస్తారు. రెండోదాన్ని జనం తక్కువ గమనిస్తారు కాబట్టి సంస్థలకి అదే ఇష్టం. విమానాలు ఖాళీగా ఎగిరే కాలం వస్తే అన్నీ తిరగబడతాయి. 2020, 2021లో గీతలు దించారు, గడువులు పెంచారు.

ఇప్పుడు మీరేం చేయాలి. గీత దాటడానికి పెట్టే అదనపు డబ్బుని, వచ్చే పన్నెండు నెలల్లో మీరు నిజంగా ఎక్కబోయే విమానాలతో పోల్చండి, గత ఏడాది ఎక్కిన వాటితో కాదు. ప్రాజెక్టు మారి ఇంటి నుంచే పని చేసే పరిస్థితి వస్తే ప్లాటినం ప్రో మీ పర్సులో ఊరికే పడి ఉంటుంది. మా దగ్గర డిసెంబర్‌లో కష్టపడి గోల్డ్ దాటినవాళ్లలో చాలామంది మరుసటి ఏడాది బాగా తక్కువ ఎగిరేవాళ్లు, అది ప్రతి సంవత్సరం లెక్కల్లో కనిపించేది. డల్లాస్ నుంచి అయితే ఒక మాట: అది అమెరికన్‌కి అతిపెద్ద స్థావరం, పై మెట్ల మీద ఉన్నవాళ్లు కిక్కిరిసి ఉంటారు. సోమవారం పొద్దున, గురువారం సాయంత్రం విమానాల్లో ప్లాటినంకి, ప్లాటినం ప్రోకి అప్‌గ్రేడ్ విషయంలో తేడా చాలా తక్కువ. అప్‌గ్రేడ్ల కోసమే అయితే నేను ఆ డబ్బు పెట్టను. విదేశీ ప్రయాణాల్లో లాంజ్ కోసం అయితే, అమెరికన్, ఖతార్ ఉన్న వన్‌వరల్డ్ అలయన్స్ మెట్లలో ప్లాటినం ప్రో అంటే ఎమరాల్డ్, ప్లాటినం అంటే దాని కింది సఫైర్. ఖతార్ విమానంలో హైదరాబాద్ వచ్చేటప్పుడు సఫైర్‌తోనూ లాంజ్ దొరుకుతుంది, కాబట్టి అక్కడా తేడా అంత పెద్దది కాదు.

అయినా దాటాలనుకుంటే టికెట్ కొనేముందు మూడు చూడండి. అమెరికన్ లెక్క ఏడాది మార్చి 1న మొదలై ఫిబ్రవరి చివరిదాకా నడుస్తుంది, డిసెంబర్‌లో కంగారు పడక్కర్లేదు. కార్డు బిల్లు ఏ తేదీకి ముగుస్తుందో చూసుకోండి, పాయింట్లు జమ అయ్యే తేదీ ఫిబ్రవరి దాటిపోతే అవి తర్వాతి ఏడాదికి పడతాయి. చివరి వారాల్లో మీ ఖాతాలోకి వెళ్లి చూడండి, గీతకి దగ్గర్లో ఆగినవాళ్లకి డబ్బు కట్టి స్టేటస్ కొనుక్కోమని సంస్థలు ఒక్కోసారి ప్రత్యేక ధర చూపిస్తాయి, ఒక ఉత్తుత్తి ప్రయాణం కన్నా అది చవగ్గా రావచ్చు. ఆ ధర అందరికీ ఒకటి కాదు, మీ పక్కవాళ్లకి ఎంత వచ్చిందన్న దానితో పోల్చకండి.

మీకు ఇంకా ఎన్ని పాయింట్లు తక్కువున్నాయో, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారో, ఫిబ్రవరిలోపు ఆఫీసు ప్రయాణాలు ఏమైనా ఖాయమయ్యాయో రాయండి. డాలర్లలో ఎంత పడుతుందో లెక్క వేసి చెప్తాను.